ముక్కుంటే మొహం ఉండాల

హార్బరు సర్వే ఆఫీసులో నాది గీతల పని.
పడవ మీంచి లోతులు అంకెలై వస్తాయి,
నీలం కాగితం మీద నాటుతుంటాను:
పదకొండు, పద్నాలుగు, తొమ్మిదిన్నర.
అంకెలకి తడి అంటదు.

మొన్న ఆదివారం ఒక పటాన్ని చుట్ట చుట్టి
సింధియాలో ఆటో ఎక్కి
కొండ మలుపులన్నీ తిరిగి యారాడలో దిగాను.
మా చిన్నమ్మమ్మ, మైలపల్లి నూకాలు,
ఎండలో నెత్తళ్ళు తిరగేస్తోంది.

పటం పరిస్తే గాలికి లేచింది.
ఒక మూల వల గుండు పెట్టింది, ఒక మూల చెప్పు,
ఒక మూల ఇటిక ముక్క.
నాలుగో మూలకి ఏదీ అందక
గుప్పెడు నెత్తళ్ళు.

తర్వాత, అన్నీ తీసి,
పడమర పైకొచ్చేలా పటాన్ని తిప్పి,
మళ్ళీ అన్నీ పెట్టింది.
"ఉత్తరం పైనుండాలి చిన్నమ్మమ్మా."
"నీకు. నువ్వు కుర్సీలోంచి సూత్తావు.
మాకు ఒడ్డు ఎదరుంటాది."

వేలు కొండ కొసమీద ఆగింది.
"దీన్నేటంతారే?"
"డాల్ఫిన్ ముక్కు. తెల్లోళ్ళు ఓడ మీంచి చూసి పెట్టిన పేరు."
"ముక్కుంటే మొహం ఉండాల గదే.
కళ్ళేవి? నోరేది?"

నోరు తనే వెతుక్కుంది:
కొండకీ పాత ఊరికీ మధ్య ఓడలు దూరే సందు.
వాళ్ళ తాత రోజుల్లో అది ఉప్పుటేరు.
పోటుకి పీకల్లోతు, పాటుకి మోకాల్లోతు,
లోపలంతా మడ, కొంగలు, కాళ్ళు దిగబడే బురద.
మూడు పక్కల నీళ్ళు, నాలుగో పక్క బురద;
కొండ ఒడ్డుని ఒంటి చేత్తో పట్టుకున్నట్టు ఉండేదట.
పెళ్ళికూతుర్ని తాటిదోనెలో దాటించేవారట.
బురద తవ్వారు.
రెండు ముసలి ఓడల కడుపుల్లో రాళ్ళు నింపి
అలలకి అడ్డంగా ముంచారు.
"మునగడానికి కూడా జీతం ఇచ్చుంతారు," అని నవ్వింది.

వాళ్ళ గుడిసెలు మూడుసార్లు లేచాయి.
ఒకసారి తుఫానుకి.
రెండుసార్లు కాగితానికి.

నేను నాకు తెలిసింది చెప్పాను:
ఏటా దక్షిణం నుంచి ఇసుక నడిచొస్తుందని,
ముక్కు దాటాక పోర్టు గోతిలో పడుతుందని,
దాన్ని తోడి గొట్టాలతో బీచిలో పోస్తారని,
సాయంత్రాలు దానిమీద కూచుని జనం
మొక్కజొన్న పొత్తులు తింటారని.
మనమూ ఆ ఇసకే కదా అనబోయి
సిగ్గేసి ఊరుకున్నాను.
ఇసక్కి ఇంటిపేరుండదు.

పొద్దు వాలాక గొంతు తగ్గించింది.
"దర్గా మెట్టా, సర్చి సిలవా ఒక్క గీతలోకొచ్చి
లైటౌసు ఎడం బుజం మీదకొత్తే
అక్కడ ఆగాల. వంజరం.
మీ తాత నాకొక్కదానికే సెప్పాడు."
చూశాను. నా పటంలో అక్కడ ఇరవై ఏడు.
అంతకుమించి ఏమీ లేదు.
పెన్సిలు తీశాను.

చెయ్యి పట్టుకుంది.
ఉప్పు తిన్న అరచెయ్యి, తాడులా ఉంది.
"రాయకే గుంటా.
రాత్తే అక్కడా కంచేత్తారు."

రాయలేదు.
ఇందాక పైన చెప్పిన కొండగుర్తులు కూడా
సరైనవి కావు.
ఒకటి మార్చాను. ఏదో చెప్పను.

చీకటి పడుతుంటే పటం చుట్టి ఇచ్చింది,
ఏ మూలది ఏ బరువో మరిచిపోకుండా
చెప్పు తిరిగి తొడుక్కుంది.

సోమవారం ఆఫీసరు భూతద్దం పెట్టాడు.
ముక్కుకి దక్షిణాన, నీళ్ళలో,
అరచేతంత నూనె మరక.
నెత్తళ్ళ వాసన ఆయన దాకా వెళ్ళలేదనుకుంటాను.
"ఈ దిబ్బ ఎప్పుడు లేచింది? లోతు వెయ్యలేదేం?"

"కొలవలేదు సార్," అన్నాను.